నెగడు దగ్గర పుట్టిన పిల్లలు

పరుశురాం మా బడి పిల్లవాడు. సూరత్‌లో తెలుగు బడి ఉందంటే మన ఊళ్ళలో చాలామంది నమ్మరు గానీ, నా ఉద్యోగమంతా ఆ బడిలోనే గడిచింది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్ళ పిల్లలే నా విద్యార్థులు. వాళ్ళలో చాలామంది చదువు మధ్యలోనే ఆపి తండ్రుల వెంట కార్ఖానాల్లోకి పోయేవారు. పరుశురాం పోలేదు. వాడికి బొమ్మల పిచ్చి. లెక్కల పుస్తకం అంచుల్లో కూడా తీగలూ నెమళ్ళూ వేసేవాడు. నేను కోప్పడితే, "సారూ, అది చీర బార్డరు" అనేవాడు.

తండ్రి రాజనర్సు పెళ్ళికి ముందే సిరిసిల్ల దిక్కునుంచి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన మనిషి. సాంచాల చప్పుడులో బతికి బతికి చెవులు పోయాయి, పక్కన నిలబడి అరిస్తే గానీ వినపడదు. తల్లి ఎల్లవ్వ ఇంటి దగ్గర చీరలకు మెరుపు రాళ్ళు అంటించేది. నవాగాం బస్తీలో ఒక గది, దాని ముందు వంటకు కాస్త చోటు, అదీ వాళ్ళ ఇల్లు. చదువయ్యాక పరుశురాం రింగ్ రోడ్ మార్కెట్ల వెనక సందులో ఒక సేఠ్ దగ్గర చేరాడు. చీరల మీద అచ్చు వేసే డిజైన్లు కంప్యూటర్‌లో గీసే పని. లతను చేసుకున్నదీ ఆ రోజుల్లోనే. లత ఊళ్ళో పెరిగిన పిల్ల. సూరత్ ఆమెకు కొత్త, హిందీ కొత్త. అయినా మాటకు మాట అప్పజెప్పేది. వచ్చిన కొత్తలోనే పక్కింటి లింగవ్వతో కలిసి కూరగాయలవాడితో బేరాలాడడం నేర్చుకుంది.

జితేందర్ పరిచయం కావడం పరుశురాం బతుకులో పెద్ద మలుపు. హజీరా ఫ్యాక్టరీల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన త్రివిక్రమరావు గారి కొడుకు జితేందర్. బయట చదువుకుని సూరత్ తిరిగొచ్చి, ఆల్థాన్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని, ఫోన్లలో కంప్యూటర్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ పెట్టాడు. ఆటలోని మనుషులకు బట్టలు గీయడానికి ఒకడు కావాలని వెతుకుతూ, ఎవరి ఫోన్‌లోనో పరుశురాం వేసిన చీర అంచులు చూశాడు. "ఇవి వేసిందెవరు?" అని ఆరా తీసి పిలిపించుకున్నాడు.

ఆ ఆట ఇలా ఉంటుంది. ఒక అడవి. అక్కడ ఏడాదిలో సగమే పొద్దు పొడుస్తుంది, మిగతా సగం చీకటి. చీకటి నెలల్లో అడవిలోంచి నీడలు వస్తాయి. వెలుతురు అవతల దొరికిన మనిషిని ఎత్తుకుపోతాయి. అందుకని ఒక గుంపు పెద్ద నెగడు వేసుకుని, దాని చుట్టూ గుడిసెలు కట్టుకుని బతుకుతుంది. ఆ గుంపును బతికించడమే ఆడేవాడి పని. కట్టెలు కొట్టించాలి, గింజలు దాచాలి, నెగడు ఆరకుండా చూడాలి. ఆటకు ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టారు గానీ, జితేందరూ పరుశురామూ మాట్లాడుకునేటప్పుడు 'నెగడు' అనే అనేవాళ్ళు.

అన్నీ కుదిరాయి, పిల్లలు పుట్టే భాగమే కుదరలేదు. గుడిసెలో ఆలుమగలుండి, తిండి ఉంటే, కాసేపటికి ఒక బిడ్డ పుడుతుంది. ఇంకాసేపటికి ఆ బిడ్డ పెద్దదై గొడ్డలి పట్టుకుంటుంది. మొదట పెట్టిన పద్ధతి ఇంతే. అలా ఆడితే కొన్నాళ్ళకే జనం వెలుతురు పట్టనంత పెరిగి, అంచున ఉన్నవాళ్ళందరినీ నీడలు ఊడ్చుకుపోయేవి. పుట్టుకలు తగ్గిస్తే ముసలివాళ్ళు పోయాక నెగడు దగ్గర కట్టె వేసే దిక్కుండేది కాదు. అంకెలు ఎంత సవరించినా అటో ఇటో పోయేది.

బట్టలు గీసుకుంటున్న పరుశురాం ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు. "సర్, ఇది పిల్లల్ని కన్నట్టు లేదు. సాంచె మీద గుడ్డ నేసినట్టున్నది. ఇటు దారం పోసుడు, అటు గుడ్డ తాను తీసుడు."

జితేందర్ నవ్వి, "అయితే నువ్వే చెయ్యి" అన్నాడు.

అలా ఆ భాగం అతని చేతికి వచ్చింది. అతను దాని మీద పడ్డాడు. కడుపుతో ఉన్న మనిషి బరువులు మొయ్యదు, ఎక్కువ తింటుంది. బిడ్డ పుట్టాక కొన్నాళ్ళు ఇద్దరూ నెగడుకు దగ్గరగా ఉండాలి. పిల్లలు ఎవరి పని చూస్తూ పెరిగితే ఆ పనే వాళ్ళకు వస్తుంది. ఒక కాన్పుకూ ఇంకో కాన్పుకూ ఎడం ఉండాలి. ఇవన్నీ పెట్టాక జనాభా పెరగడం తగ్గడం మనుషుల లోకంలో మాదిరిగా నెమ్మదించింది. ఒక్క నియమం దగ్గర మాత్రం జితేందర్ అడ్డు పడ్డాడు. చీకటి నెలల్లో పుట్టిన పసిబిడ్డ దక్కకపోవచ్చు అన్నది ఆ నియమం.

"పసిపిల్లలు చచ్చిపోయే ఆట ఎవరు కొంటారు పరుశురాం?"

"ఆ భయం లేకుంటే ఎవడు జాగ్రత్త పడ్తడు సర్? బిడ్డను అగ్గి దగ్గర ఉంచాలె, తల్లికి తిండి వెట్టాలె అని ఎవడనుకుంటడు? పుట్టినోళ్ళందరు బతికితే మళ్ళ సాంచె కథనే."

జితేందర్ ఒప్పుకున్నాడు. ఎంతమందిలో ఎందరు దక్కరన్న అంకె కూడా పరుశురామే వేశాడు. అది దీపావళి వెళ్ళిన రోజులు, అప్పటికి లతకు నెల తప్పి కొద్ది రోజులే అయింది.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. ఆ చప్పుడు లేని నవాగాం మాకు ఎవరిదో ఊరులా అనిపించింది. పరుశురాం ఆఫీసు కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఉన్న ఒక్క గదిలో గోడవారగా బల్ల వేశాడు. వెనక రాజనర్సు పడుకుని ఉండేవాడు, ఎల్లవ్వ రాళ్ళ పని లేక మాటిమాటికీ పప్పు ఏరేది, లత గోడకు ఆనుకుని కూర్చునేది. జితేందర్ రోజూ ఫోన్ చేసేవాడు. ఆటను అమ్మిపెట్టే విదేశీ కంపెనీ ఒకటి ముందుకొచ్చిందనీ, వర్షాలు మొదలయ్యేలోగా వాళ్ళకు ఆట మొత్తం నడిచేట్టు చూపించాలనీ చెప్పాడు. ఆ కంపెనీ వాళ్ళకు అన్నిటికంటే నచ్చింది పిల్లల భాగమేనట. అది విని పరుశురాం ఎంత మురిసిపోయాడో నాకు తెలుసు. మాస్కు కట్టుకుని మా వాకిట్లోకి వచ్చి మరీ చెప్పాడు.

ఆ రోజుల్లో లతే అతనికి పాఠం. ఏదైనా తోచకపోతే వెనక్కి తిరిగి అడిగేవాడు.

"ఇప్పుడెట్లున్నది లతా? ఏమనిపిస్తున్నది?"

"ఏమనిపిస్తది? ఇంక గూడ ఉల్లిగడ్డ వాసనొస్తే కడుపుల దేవినట్టయితది. లింగవ్వ పచ్చిపులుసు చేసి పంపింది, అదొక్కటే పోయింది లోపలికి."

మర్నాటికి ఆటలో ఒక కొత్త సంగతి చేరేది. కడుపుతో ఉన్న మనిషి గుడిసెకు పక్క గుడిసె ఆడమనిషి గిన్నె పట్టుకుని వచ్చేది. నీళ్ళ డ్రమ్ము జరపబోయి లత నడుం పట్టుకుని నిలబడిపోతే, ఆటలోని మనిషి కూడా కడవ ఎత్తబోయి నడుం పట్టుకుని నిలబడేది. లత ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమె కూడా అటే తిరిగి పడుకునేది. లత తెరలోకి తొంగి చూసి నవ్వేది.

"నా ముచ్చటంత అండ్ల పెడ్తున్నవా ఏంది? జర చీరన్న మంచిది కట్టియ్యి ఆమెకు."

ఒకసారి అప్పుడే పుట్టిన బిడ్డ బొమ్మ చూసి, "ఏందిది, పాలపొడి లెక్క తెల్లగున్నడు? మనోడు గిట్ల ఉండడు, చూడు" అంది. పరుశురాం ఆ బిడ్డకు చామనఛాయ వేశాడు. ఆ ఇంట్లో ఆ నెలన్నర పస్తులు లేకుండా గడిచింది పరుశురాం జీతం వల్ల, నవ్వుకుంటూ గడిచింది లత వల్ల.

మే నెల వచ్చేసరికి బస్తీలో ఎవరూ నిలిచేట్టు లేరు. కార్ఖానాలు ఎప్పుడు తెరుస్తారో సేఠ్‌లకే తెలియదు. ఒడియా వాళ్ళు, యూపీ వాళ్ళు రైళ్ళ కోసం స్టేషన్ దారి పట్టారు. మనవాళ్ళు కొందరు కలిసి బస్సు మాట్లాడుకుని, ఆఫీసర్ల దగ్గర అనుమతి తీసుకున్నారు. రాజనర్సు తమ ఇంటి నలుగురికీ చోటు చెప్పి వచ్చాడు.

"నేనెట్ల వస్త బాపూ? అక్కడ నెట్ రాదు. పనాగిపోతది" అన్నాడు పరుశురాం తండ్రి చెవి దగ్గర వంగి.

"పనా? లోకమే ఆగిపోయింది, నీ పనేంది?"

లత వెంటనే, "ఆయన రాకుంటే నేనూ రాను మామా. ఈడనే ఉంట" అంది. ఎల్లవ్వ ఒప్పుకోలేదు. ఇక్కడి ఆసుపత్రుల నిండా కరోనా రోగులే, నొప్పులొస్తే ఎక్కడికి తీసుకుపోతారు అంది. ఆమె అన్నదీ నిజమే. లత భర్త మొహంలోకి చూసింది. అతను ఉండమంటే ఉండిపోయేదే.

పరుశురాం ఉండమనలేదు. "పో లతా. అక్కడ మీ అమ్మ ఉంటది, మీ అన్న ఉంటడు. గాలి మంచిగుంటది. పని కాంగనే వస్త. కాన్పు నాటికి నీ దగ్గరనే ఉంట" అన్నాడు. అవన్నీ మంచి మాటలే. కానీ అతని మనసులో వాటి కింద ఇంకొకటి ఉంది. ఒక్క గదిలో ముగ్గురి మధ్య తల తిరిగిపోతోంది, ఇల్లు ఖాళీ అయితే పని సాగుతుంది అనుకున్నాడు. ఆ ఆలోచన లతకు కనపడిందేమో కూడా. ఆమె లేచి బట్టలు సర్దుకుంది.

బస్సు దిండోలి దగ్గర ఎక్కారు. నేనూ సాగనంపడానికి వెళ్ళాను. లతకు వెనక చక్రం పైన సీటు దొరికింది. ముందుకు మార్చమని పరుశురాం డ్రైవర్‌ను బతిమాలాడు గానీ, అప్పటికే ముందు సీట్లలో చంటిపిల్లల తల్లులు కూర్చున్నారు. లత కిటికీలోంచి, "బియ్యం డబ్బాల మీది మూత సరిగ వెయ్యి, ఎలుకలొస్తయ్" అంది. బస్సు కదిలింది.

దారి పొడుగునా ఎండ. మహారాష్ట్ర సరిహద్దులో కాగితాలు చూడాలని చాలాసేపు ఆపేశారు. బస్సులో కూర్చుంటే వేడి, దిగితే నీడ లేదు. తెలంగాణ సరిహద్దు దగ్గర మళ్ళీ ఆపి చేతుల మీద ముద్రలు వేశారు. ఊరు చేరేసరికి లత కాళ్ళు ఉబ్బిపోయాయి. బయటినుంచి వచ్చినవాళ్ళంటూ ఊరివాళ్ళు వాకిళ్ళు మూసుకున్నారు. లత తల్లి గడప అవతలే నిలబడి ఏడ్చింది. రెండోనాడు లతకు నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి నెలలు నిండలేదు.

పరుశురాంకు ఫోన్ వచ్చింది మధ్యాహ్నం. అతను ఆటలో కాలాన్ని వేగం చేసి, పుట్టుకలు సరిగ్గా సాగుతున్నాయో లేదో చూస్తున్నాడు. అలా వేగం పెంచితే ఏళ్ళు నిమిషాల్లో గడుస్తాయి, నెగడు చుట్టూ ఒకరి తర్వాత ఒకరు బిడ్డలు పుడుతూనే ఉంటారు. ఫోన్ చేసింది లత అన్న సోమలింగం.

"బావా, చెల్లెకు కాన్పయింది. మొగపిల్లగాడు." అని ఆగాడు. పరుశురాం ఏదో అనబోయాడు. "దక్కలేదు బావా. పొద్దుగాల పుట్టిండు, జరసేపున్నడు. డాక్టర్లు చూసిన్రు. నెలలు తక్కువున్నయన్నరు. చెల్లె బాగనే ఉన్నది."

"నేనొస్త" అన్నాడు పరుశురాం.

"వచ్చేసరికి ఏముంటది బావా? మీ బాపు, నేను కలిసి ఇప్పుడే మట్టి చేసి వచ్చినం. ఇంకెవల్ని రానియ్యలె."

ఫోన్ పెట్టేశాక ఏం చేశావని నేను ఎప్పుడో అడిగాను. "ఏం చెయ్యలె సారూ. కుర్చీల కూసున్న. ఆట బందు పెట్టాలన్న సంగతి గూడ యాదికి రాలె" అన్నాడు.

జితేందర్‌కు తెలియగానే, కారు పంపిస్తాను, పాస్ కూడా తీసుకుంటాను, బయల్దేరు అన్నాడు. పరుశురాం లతకు ఫోన్ చేశాడు. ఆమె గొంతు చాలా చిన్నగా వినపడింది.

"ఇప్పుడొచ్చి ఏం జేస్తవ్? అయిపోయింది గద."

అతను ఆ మాటను రావద్దని చెప్పినట్టుగా తీసుకున్నాడు. అలా తీసుకోవడం తనకు సులువు కాబట్టే తీసుకున్నానని తర్వాతెప్పుడో అతనికి తెలిసింది. కారు వద్దన్నాడు. మొదటిసారి వెళ్ళకపోవడానికి కనీసం పని ఉంది, రెండోసారికి ఆ సాకు కూడా లేదు.

ఆ తర్వాత పనిలో కూర్చున్నాడు గానీ, పసిబిడ్డ దక్కకపోయే ఆ నియమం దగ్గరికి పోలేకపోయాడు. తను వేసిన అంకె కనపడితే తెర మూసేసేవాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా ఆ నియమాన్నే తీసేశాడు. ఆటలో పుట్టిన ప్రతి బిడ్డా బతకడం మొదలుపెట్టింది. కొద్ది రోజులకే విదేశీ కంపెనీ నుంచి జితేందర్‌కు కబురొచ్చింది. జనం వెలుతురు దాటి పొంగిపోతున్నారు, ఆడుతున్నవాళ్ళు పసిపిల్లల్ని అసలు పట్టించుకోవడం లేదు, మీరు చూపించిన ఆట ఇది కాదే అన్నారు. జితేందర్ లెక్కలు తిరగేసి, ఏం జరిగిందో కనిపెట్టి ఫోన్ చేశాడు. కోపంగా మొదలుపెట్టినవాడు మధ్యలోనే తగ్గిపోయాడు.

"పరుశురాం, ఈ భాగం ఇంకెవరికైనా ఇస్తాను. నువ్వు మళ్ళీ బట్టలు గీయి. నేనేమీ అనుకోను."

అప్పుడు సరే అని ఉంటే బాగుండేది. అతను సరే అనలేదు. తన చేతిలోంచి ఆ పని పోతే, ఇంత పోగొట్టుకుని చివరికి ఏమీ మిగలదనుకున్నాడు. "నేనే చేస్త సర్" అన్నాడు.

చేశాడు. ఆ నియమాన్ని తిరిగి పెట్టాడు. దానితో పాటు ఇంకో రెండు పెట్టాడు. ఆటలో అంతకుముందు పిల్లలకు కాస్త పెద్దయ్యాకే పేరు వచ్చేది. ఇప్పుడు పుట్టిన క్షణానే ఆడేవాడు పేరు పెట్టి తీరాలి. బిడ్డ దక్కకపోతే, గుంపువాళ్ళు నెగడు పక్కన ఒక రాయి పెడతారు, దాని మీద ఆ పేరు సన్నగా వెలుగుతుంది. తల్లి కొన్నాళ్ళు ఏ పనీ చెయ్యదు. మిగతావాళ్ళు ఆమె గుడిసెకు అన్నం తెస్తారు. జితేందర్ మొదట, ఆడేవాళ్ళకు విసుగొస్తుందన్నాడు. విదేశీ కంపెనీ వాళ్ళు చూసి, ఇదే ఆటకు ప్రాణం అన్నారు. దాన్నే ముందు పెట్టి ప్రచారం చేస్తామన్నారు.

దసరా వెళ్ళాక లత వచ్చింది. రాజనర్సూ ఎల్లవ్వా కూడా వచ్చారు, సాంచాలు మళ్ళీ తిరుగుతున్నాయి. లత చిక్కిపోయింది. కూరగాయలవాడు చెప్పిన ధరకే కొనేసి లోపలికి వెళ్ళిపోయేది. ఏది అడిగినా ఊఁ అనో ఉహూఁ అనో అనేది. భర్త మీద కోపం చూపలేదు. అతనికి అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది. బిడ్డ మాట మాత్రం ఇద్దరి మధ్యా రాలేదు.

ఆ మౌనం భరించలేకే ఒక ఆదివారం పరుశురాం ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తల్లిదండ్రులు లింగవ్వ ఇంట్లో ఉన్నారు. "ఒకటి చూపిస్త" అన్నాడు. తాను చెప్పలేనిది ఆ రాయి చెబుతుందనీ, లత ఏడుస్తుందనీ, తనూ ఏడుస్తాడనీ, దానితో ఏదో తెరుచుకుంటుందనీ అతను అనుకున్నాడు. ఆటలో చీకటి నెల వచ్చింది. బిడ్డ పుట్టింది. దక్కలేదు. గుంపంతా వచ్చి రాయి పెట్టారు. పరుశురాం పెట్టిన ఏదో పేరు దాని మీద వెలిగింది. పక్క గుడిసె ఆడమనిషి గిన్నె పట్టుకుని వచ్చింది. లోపల తల్లి ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది.

లత చాలాసేపు చూసింది.

"ఎవల్ని అడిగి పెట్టినవ్ గిది?"

పరుశురాం ఆటను అక్కడే ఆపాడు.

"ఆ గిన్నె పట్కొచ్చింది లింగవ్వ. ఆ పండుకున్నది నేను. నీళ్ళు మోసేటప్పుడు నడుం పట్టుకునేది నేను. అప్పుడు నేను నవ్విన, పెట్టుకో అన్న. ఇది గూడ నాదే గద? వాడు గూడ ఆటలకు పోయిండా?"

"వానికి గూడ ఒక పేరుండాలని ఆ రాయి పెట్టిన లతా. మనం వానికి పేరన్న పెట్టలె..."

"పేరు నేను అనుకున్న. కడుపుల ఉన్నప్పుడే అనుకున్న."

"ఏమనుకున్నవ్?"

"నీకు చెప్ప. చెప్తె అండ్ల పెడ్తవ్."

ఆమె గొంతు పెంచలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయింది. అక్కడినుంచి, వెనక్కి తిరక్కుండా అడిగింది. "బస్సుల నా పక్క సీటు ఖాళీగ పోయింది తెల్సా నీకు? నీ సీటే. నవాపూర్ బార్డర్ దాకా నా సంచి పెట్టుకున్న దాంట్ల. ఎందుకు రాలె నువ్వు?"

దానికి జవాబు అతను నెలల తరబడి తయారుచేసి పెట్టుకున్నాడు. పని, విదేశీ కంపెనీ, నెట్, అందరి తిండి. ఆ జవాబులో అబద్ధం లేదు. కానీ అప్పుడు ఆమె వీపు చూస్తూ దాన్ని నోటితో అనలేకపోయాడు.

మర్నాడే ఆల్థాన్ వెళ్ళి, ఆ రాయిని తీసేద్దాం సర్ అన్నాడు. జితేందర్ మంచివాడే, తలవంచుకుని విన్నాడు. కానీ అప్పటికే ప్రచారం బొమ్మల్లో ఆ రాయి ఉంది, ఒప్పందం మీద సంతకాలు అయిపోయాయి. "గిన్నె తెచ్చే మనిషిని మార్చుకో. పడుకునే తీరు మార్చుకో. నీ ఇష్టం. రాయిని మాత్రం నేను తియ్యలేను పరుశురాం. నువ్వు మొదట్లోనే నాకు చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. పరుశురాం మార్చగలిగినవన్నీ మార్చాడు. ఆటలోని తల్లి ఇప్పుడు కూర్చునే ఉంటుంది. ఆమెకు అన్నం తెచ్చేది ఒక ముసలాయన. ఆ పని చేస్తున్నప్పుడు, లత ఒకప్పుడు నవ్వుతూ ఇచ్చినవాటిని కూడా తన చేత్తోనే చెరిపేస్తున్నానని అతనికి అనిపించింది.

మరుసటి ఏడు ఆట బయటికొచ్చింది. రెండో వేవ్ మా బస్తీని తుడిచిపెడుతున్న రోజులవి. లింగవ్వ భర్త పోయాడు, మా బడిలో ఇద్దరు పోయారు. అటు ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఇళ్ళలో కూర్చుని ఆ ఆట ఆడారు. చాలామంది రాయి గురించే రాశారు. ఒకామె ఎవరో, తన బిడ్డ పేరే పెట్టి ఆడాననీ, దాన్ని తయారుచేసినవాళ్ళకు రుణపడి ఉంటాననీ రాసిందట. జితేందర్ దాన్ని చదివి వినిపించాడు. పరుశురాం విని తలూపాడు. ఇంటికెళ్ళి లతకు చెప్పలేదు. చెప్పే అర్హత తనకు లేదన్నాడు నాతో. "మంది బాధకు పనికొచ్చింది సారూ, అది నాకు తెలుస్తనే ఉన్నది. కాని దాని ఖరీదు ఇచ్చుకున్నది నేను గాదు, ఆమె. ఆమెను అడగలె." కొన్నాళ్ళకు పిల్లల భాగం వేరేవాళ్ళకు అప్పగించి తిరిగి బట్టలు గీసే పనిలోకి మారిపోయాడు. జీతం కొంత తగ్గింది.

ఆ మధ్యలోనే లతకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి పరుశురాం ఆమెను ఏమీ అడగలేదు. ఎలా ఉందని అడగడానికి కూడా జంకేవాడు, ఎందుకు అడుగుతున్నాడనుకుంటుందో అని. పరీక్షలకు తీసుకెళ్ళేవాడు, ఆసుపత్రి బయట ఎండలో నిలబడేవాడు, మాత్రలు వేళకు అందించేవాడు. ఊరికి పంపుదామని ఎల్లవ్వ అంటే, "నేనిక్కడుంటె ఆమెనూ ఇక్కడనే" అన్నాడు. ఒకరోజు ఆమే తనంతట తాను, "వీడు బాగ తంతున్నడు" అంది. అతను పని మానేసి ఆమె పక్కన కూర్చున్నాడు. చెయ్యి పెట్టి చూడనా అని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆమే అతని చెయ్యి తీసుకుని పెట్టుకుంది.

జనవరిలో నొప్పులొచ్చాయి. అప్పుడు మూడోసారి కరోనా నడుస్తోంది, లోపలికి ఒక్కరినే రానిస్తున్నారు. పరుశురాం వెళ్ళాడు. మొహానికి మాస్కు కట్టుకున్న నర్సు లతను మంచం మీద పడుకోబెడుతూ, ఇది మొదటి కాన్పేనా అని హిందీలో హడావిడిగా అడిగింది. "పెహలా హై?"

"హాఁ, పెహలా" అన్నాడు పరుశురాం. లోపల ఆరాటమే తప్ప ఆలోచన లేని మాట అది.

లత నొప్పి మధ్యలోనే తల తిప్పింది. అతని వంక చూడలేదు, రెండోదని నర్సుతోనే చెప్పింది. "దూస్‌రా."

నర్సు ఒక్క నిమిషం ఇద్దరినీ చూసి, ఇంకేం అడక్కుండా పనిలో పడిపోయింది. పరుశురాం మంచం పక్కన నిలబడి ఉన్నాడు. లత నొప్పి వచ్చినప్పుడల్లా మంచం ఇనుప కడ్డీని పట్టుకుంటోంది. అతను తన చెయ్యి ఆ కడ్డీ పక్కన పెట్టాడు. కాసేపటికి ఆమె దాన్ని కూడా పట్టుకుంది.

ఆడపిల్ల పుట్టింది, బాగానే ఉంది. ఎల్లవ్వ బస్తీ అంతా పేడా మిఠాయి పంచింది. నేను చూడడానికి వెళితే పరుశురాం బిడ్డను ఎత్తుకుని గుమ్మంలో తిరుగుతున్నాడు. పేరేమిటని అడిగాను. "లత పెడ్తది సారూ" అన్నాడు. లోపల లత పడుకుని ఉంది, మా మాటలు ఆమెకు వినపడుతున్నాయి. ఈసారీ ఆమె పేరు ముందే అనుకుని ఉంటుందనిపించింది, నేను అడగలేదు. నేను కాసేపు కూర్చుని, చాయ్ తాగి వచ్చేశాను.